పెద్దదే మగదనుకున్న మా మరిది

నిన్న పక్కింటామె వాళ్ల చుట్టాన్ని వెంటబెట్టుకొచ్చి మా చేపల తొట్టి చూపించింది. ఆ చుట్టం అద్దానికి ముక్కు ఆనించి, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న పెద్ద చేపను చూసి "ఇదేనా మగది?" అంది. నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా ఆ మాటతోనే మా మరిది నాకు చిక్కాడు.

మా ఆయన బెంగుళూరులో చేపల అంగట్లో పనిచేసి, రాప్తాడుకొచ్చేటప్పుడు ఈ క్లౌన్ చేపల జత తెచ్చాడు. ఇవి సముద్రపు చేపలు. బోరు నీళ్లు పనికిరావు, క్యాను నీళ్లలో ప్యాకెట్లలో వచ్చే సముద్రపు ఉప్పు కలపాలి. "వానే లేని ఊర్లో సముద్రం పెట్టినాడప్పా" అని ఊరంతా నవ్వింది, అందరికంటే ఎక్కువ మరిది నవ్వాడు. మా ఆయన పట్టించుకునే మనిషి కాదు. ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఈ జాతిలో పెద్దదే ఆడది మే. పెత్తనమంతా దానిదే, ఇంకో ఆడదాన్ని దగ్గర బతకనీదు. అది పోతే ఈ చిన్న మగదే పెరిగి ఆడదవుతాది" అన్నాడు. "అయితే నేను పోతే నువ్వు చీర కడతావా?" అంటే, "కట్టక తప్పుతాదా" అన్నాడు. పోయింది నేను కాదు, ఆయన.

ఆయన పోయిన నెలకే మరిది బకెట్టు పట్టుకుని వచ్చాడు. అప్పటికి ఆ జత మూడుసార్లు గుడ్లు పెట్టింది కదా, పిల్లల్ని అమ్ముకోవచ్చని ఆశ పుట్టింది. ముండమోపి చేతి తిండి తిన్న ఆడది గుడ్లు పెట్టదని తనే ఒక శాస్త్రం చెప్పి, పెద్ద చేపను వలలో పట్టాడు. "మగది ఉంటే చాలు వదినా, ఆడది యాడైనా దొరుకుతాది. ఈ చిన్నది నీ మాదిరే ముండమోపిది. ఇద్దురూ ఒకదానికొకటి తోడుండండి" అన్నాడు. నలుగురూ వింటుండగా అన్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. నువ్వు పట్టుకుపోయేదే ఆడదిరా అని ఒక్క మాట చెబితే రెండూ పట్టుకుపోయేవాడు. చెప్పలేదు. ఆ మింగిన మాట అన్నం కంటే ఎక్కువ బలమిచ్చింది నాకు.

మిగిలిన చేప పది రోజులు మూల వదలలేదు. నేనూ వదలలేదు. తర్వాత బెంగుళూరు అంగడికి ఫోన్ చేయించి, వేలిగోరంత పిల్లచేపను తెప్పించి తోడు వేశాను. ఏడాది తిరిగేసరికి మా ముండమోపిది రెండింతలయింది. ఒకరోజు కుండపెంకు మీద నారింజ రంగు గుడ్లు, రాగి గింజలు అతికించినట్టు! మగదై ఎదిగిన ఆ పిల్లచేప వాటి దగ్గర నుంచి కదలకుండా రెక్కలతో విసురుతూనే ఉంది, చెడిన గుడ్డును నోటితో ఏరిపారేస్తూ. నేను పక్కనే చాప వేశాను. ఇవి పిల్లలైతే నా ఇల్లు, నా చెయ్యి అపశకునం కాదు. అంతే నాకు కావాల్సింది.

ఏడో రోజు గుడ్లలో వెండి కళ్లు మెరుస్తుండగా కరెంటు పోయింది. గాలి మోటారు ఆగింది. గాలి అందకపోతే అన్నీ చస్తాయి. చెంబు తీసుకుని తొట్టిలో నీళ్లే ఎత్తి ఎత్తి పోస్తూ కూర్చున్నాను. రెండు గంటలయింది, భుజం పడిపోయింది. అప్పుడు వచ్చాడు మరిది, ముఖం వేలాడేసుకుని.

"వదినా, ఇది మూడోది చచ్చేది. గుడ్లు పెట్టిన ఆడదే కావాలని అడిగి తెస్తాండా. రెండు దినాలకే ఆ పెద్దది రెక్కలు కొరికి చంపుతాండాది. ఏం మగదో ఏమో!"

"మగదానికి రోసం ఎక్కువ కదప్పా" అన్నాను, చెంబు ఆపకుండా.

అప్పుడు చూశాడు పెంకును. "గుడ్లా? ఆ పెంకు నాకియ్యి, నీకేం తెలుసు సాకేది" అంటూ మోచేతిదాకా తొట్టిలో పెట్టాడు. పెద్దది దూసుకొచ్చి వేలు పట్టుకుంది. అమ్మో అని చెయ్యి లాక్కున్నాడు.

"ఏమిది వదినా? యాడిదీ చేప?"

"నువ్వు వదిలేసి పోయిన ముండమోపిదే."

నోరు తెరిచి నన్నూ చేపనూ మార్చి మార్చి చూశాడు. ఏమీ అర్థం కాక వెళ్లిపోయాడు. నేను పోస్తూనే ఉన్నాను. సాయంత్రానికి కరెంటొచ్చింది, మర్నాటికి తొట్టి నిండా కనురెప్ప వెంట్రుకంత పిల్లలు.

అతని దగ్గర చచ్చిన చేపల పాపంలో నాకూ వాటా ఉంది, కాదనను. ఇప్పటికీ వచ్చి అడుగుతాడు, కిటుకు ఏమిటని. రేపు చెబుదాంలే అనుకుంటాను. ఆయన పోయిన కొత్తలో ఒక్కో పూట కొండలా ఉండేది. చెప్పకుండా దాచుకున్న ఈ రోజులు మాత్రం ఎలా గడిచిపోతున్నాయో తెలియడం లేదు.