నా ఎత్తుతో కొలిచిన ఆమె పరుగు

"కొత్తగా పరుగు మొదలుపెట్టాం మేడం, తక్కువలో ఏ వాచ్ కొనమంటారు?" అని ఎవరైనా అడిగితే చూపు తిప్పుకుంటాను. ఏడేళ్ళుగా ఇదే తంతు. నేను చేసేది యూనిఫాం ఉద్యోగం. ఒళ్ళు గట్టిగా ఉంచుకోవాల్సిన ఉద్యోగం కాబట్టి కొత్తగా చేరిన అమ్మాయిలు ఈ మాట తరచూ అడుగుతూనే ఉంటారు. నాకు తెలియదమ్మా అంటాను. అబద్ధం. నాకు తెలుసు. అలాంటి వాచ్ ఒకటి ఎంచి ఒక మనిషి చేతికి కట్టాను. అది తప్పు కొలుస్తోందని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. ఈ సంగతి ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, అదే నాకు ధైర్యం.

ఆమె పేరు ముత్యాలు అనుకోండి. అసలు పేరు కాదు. మణుగూరులో బస్సెక్కి ఓ గంట పోయి, దిగాక అడవిలో నాలుగు కిలోమీటర్లు నడిస్తే వాళ్ళ ఊరు. అక్కడ ఫోన్ మోగదు. మోగాలంటే గుట్ట ఎక్కాలి. నేను మణుగూరు కాలనీలో క్వార్టర్‌లో పుట్టినదాన్ని. మా నాన్న బొగ్గు గనిలో డంపర్ లారీ నడిపేవాడు. ముత్యాలు హాస్టల్‌లో ఉండి చదువుకుంటూ పొద్దున్నే మా కాలనీ గ్రౌండ్‌కి పరుగుకు వచ్చేది. అలా స్నేహమైంది. నాకంటే రెండేళ్ళు చిన్నది, అక్కా అని పిలిచేది. ఇద్దరం ఒకే ఉద్యోగానికి అప్లై చేశాం. పరుగు పరీక్ష పదహారు వందల మీటర్లు. ఏడున్నర నిమిషాల్లో పూర్తి చేయాలి. సెకను దాటినా ఇంటికే.

ఆమె బాగా పరుగెత్తేది. నేను బతిమాలుకుంటూ పరుగెత్తేదాన్ని. ఇది ముందే చెప్పేయాలి, లేకపోతే తర్వాత చెప్పేది మీకు అర్థం కాదు. ఆమె మూడో రౌండ్‌లో ఉండగా కూడా మాట్లాడగలిగేది, నాకు రెండో రౌండ్‌కే డొక్కలో పోటు. మా నాన్న డ్యూటీ దిగి వస్తూ గ్రౌండ్ గోడ దగ్గర ఆగి చూసేవాడు. ఇంటికొచ్చి, ఆ పిల్లను చూసి నేర్చుకోరాదూ అనేవాడు. తమాషాకే అనేవాడు. ప్రతిరోజూ అనేవాడు.

బీడీలు చుట్టే తునికాకు సీజన్ వచ్చింది. ఆ నెల ఆమె ఊళ్ళో ఉండాల్సిందే. పొద్దున ఆకు కోయడం, మధ్యాహ్నం కట్టలు కట్టి ఆకు కొనే కల్లానికి మోయడం. ఇంట్లో చేతులు తక్కువ. మరి పరుగు? వాళ్ళ ఊళ్ళో గ్రౌండ్ లేదు, అడవిలో రోడ్డు ఒక్కటే ఉంది. ఎంత దూరం పరుగెత్తిందో ఎలా తెలుస్తుంది? అందుకే వాచ్ కావాలంది. ఆమెది బటన్ల ఫోన్. నాది పెద్ద ఫోన్. కాబట్టి వాచ్‌లు చూసే పని నాది. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. సిగ్నల్ లేకున్నా, ఫోన్ దగ్గర లేకున్నా పని చెయ్యాలని.

నాలుగు రోజులు చూశాను. చూడటమంటే నాకు సరదా. కాలనీలో ఎవరికి ఏ ఫోన్ కావాలన్నా నన్నే అడిగేవారు, నాకదో గొప్ప. చివరికి రెండు మిగిలాయి. ఒకటి లావుగా, నల్లగా, పాతకాలం కాలిక్యులేటర్ లాంటి స్క్రీన్‌తో ఉంది. దానిలోపలే జీపీఎస్ ఉంది, ఫోన్‌తో పని లేదు. రెండోది సన్నగా ఉంది, రంగుల స్క్రీన్. దాని మీదా జీపీఎస్ అని ఉంది, ముందు 'కనెక్టెడ్' అని ఇంకో మాట ఉంది. ఆ మాటకు అర్థమేంటో చూడలేదు. ఫోన్‌లోని జీపీఎస్‌ను వాడుకునే రకమని దానర్థం. ఫోన్ జేబులో లేకపోతే ఆ వాచ్‌కు ఆకాశంతో సంబంధమే లేదు. అప్పుడది అడుగులు లెక్కబెట్టి, మనిషి ఎత్తును బట్టి ఒక్కో అడుగు ఇంత అని అంచనా కట్టి, దూరం ఇంత అని చూపిస్తుంది. రంగుల స్క్రీన్ బాగుందని రెండోదే తెప్పించాను. ఇంతవరకూ జరిగింది పొరపాటు. దీనికి నన్ను నేను ఎప్పుడో క్షమించుకున్నాను.

వాచ్ మా క్వార్టర్‌కే వచ్చింది. నా ఫోన్‌కే కలిపాను. యాప్ తెరిస్తే పేరు అడిగింది, వయసు అడిగింది, ఎత్తు అడిగింది. అన్నీ నావే కొట్టాను. నాది ఐదడుగుల ఆరంగుళాలు. ముత్యాలు ఐదడుగులకు అంగుళం తక్కువ. అప్పుడు ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు ఆమె చేతికి కట్టి బస్సెక్కించాను. కిటికీలోంచి చేయి ఊపితే వాచ్ మెరిసింది. ఎంత సంబరపడ్డానో.

వారానికోసారి గుట్టెక్కి ఫోన్ చేసేది. వాచ్ ఎనిమిది వందలు చూపించిన చోట ఇప్పచెట్టుకు ఓ పేలిక కట్టుకుందట. సాయంత్రం పూట ఇంటి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇంటికి. ఏడు నిమిషాల పది సెకన్లని ఒకసారి, ఏడు నిమిషాలని ఇంకోసారి చెప్పింది. నేనిక్కడ ఏడు ఇరవై ఎనిమిది, ఏడు ముప్పై రెండు మధ్య కొట్టుకుంటున్నాను. భలే అని అనేదాన్ని. ఫోన్ పెట్టేశాక కాసేపు ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

పరీక్షకు పన్నెండు రోజులుందనగా హాల్ టికెట్ తీయించుకోవడానికి వచ్చింది. వాచ్ నాకిచ్చి, ఇందులో నా పరుగులన్నీ నీ ఫోన్‌లోకి ఎక్కించి చూడక్కా అని, బజారుకు వెళ్ళింది. ఎక్కించాను. పరుగులు వరసగా వచ్చాయి. ఒక్కదానికీ మ్యాప్ లేదు. ఆమె ఏ దారిన వెళ్ళిందో చూపే గీత లేదు. అప్పుడు వెతికాను. అప్పుడు చదివాను, నాలుగు రోజుల పరిశోధనలో చదవని ఆ ఒక్క మాట. ప్రొఫైల్ తెరిచాను. నా ఎత్తు. కాగితం మీద లెక్కేశాను, మళ్ళీ వేశాను. ఆమె పొట్టి అడుగులను వాచ్ నా పొడుగు కాళ్ళ అడుగులుగా లెక్కబెడుతోంది. పదహారు వందలని అది చెప్పినప్పుడు ఆమె పరుగెత్తింది పద్నాలుగు వందల పైచిల్లర. నూట యాభై మీటర్లు తక్కువ.

నాకు మొదట ఏమనిపించిందో రాయాలా? రాయాలి. రాయకపోతే ఇదంతా ఎందుకు? తేలికగా అనిపించింది. ఆమె నాకంటే అంత గొప్పగా పరుగెత్తడం లేదు. అదీ నా మొదటి ఆలోచన. అయ్యో అనేది ఆ తర్వాత వచ్చింది. వచ్చిందా, లేక వచ్చిందని ఇప్పుడు కల్పించుకుంటున్నానా?

గంట కూడా కాలేదు, ఆమె తిరిగొచ్చింది. చెమట తుడుచుకుంటూ గడపలో కూర్చుంది. నేను నోరు తెరవకముందే తను అడిగింది.

"అక్కా, గీ వాచ్ కరెక్టేనా?"

"ఏందే, గట్ల అడుగుతున్నవ్?"

"మా రోడ్డు మీద కిలోమీటర్ రాళ్ళుంటయ్ గద. ఈ రాయికాన్నుంచి ఆ రాయి కాడికి ఉరికితే ఇది కిలోమీటర్ మీద ఇంకో నూరు మీటర్లు ఎక్కువ చూపెడుతున్నది. మూడుసార్లు చూసిన."

కాగితం ఇంకా నా చేతికిందే ఉంది. దాని మీద మోచేయి పెట్టాను.

"రాయి ఎవడు పాతిండో ఏమో! కాంట్రాక్టరు చేతికొచ్చిన కాడ పాతి పోతడు. ఇది ఆకాశంల శాటిలైట్ తోని కొలుస్తది. దానికంటే నీ రాయికే ఎక్కువ తెలుసా?"

"అవ్, గదీ నిజమే." నవ్వింది. "నేనే పిచ్చిదాన్ని. రాయిని చూసి పరేషానైన."

అంతే. ఇంతే జరిగింది. నేను ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. ఆమె తన కళ్ళతో చూసి, మూడుసార్లు సరిచూసుకుని తెచ్చిన నిజాన్ని పట్టుకుని నవ్వాను. అడవి ఊరి పిల్లకు రాయి తప్ప ఏం తెలుసన్నట్టు నవ్వాను. ఆమె నమ్మింది. నా ఫోన్‌ను నమ్మింది, నా చదువును నమ్మింది, క్వార్టర్‌ను నమ్మింది.

ఎందుకు చేశాను? పరువు పోతుందనా? తప్పు వాచ్ కొన్నానని ఒప్పుకుంటే కాలనీలో నా గొప్ప పోతుందనా? చాలా ఏళ్ళు ఇదే జవాబు చెప్పుకున్నాను, ఇది కాస్త మింగుడుపడే జవాబు కాబట్టి. కానీ ఎత్తు మార్చడానికి అర నిమిషం చాలు. వాచ్ కొంచెం తేడా ఉంది, సరిచేశాను, ఇకనుంచి రాయి నుంచి రాయికి పరుగెత్తు అంటే సరిపోయేది. పరువు పోయేది కాదు. పోనీ పోటీనా? ఆమె రిజర్వేషన్ వేరు, నాది వేరు. ఆమె గెలిస్తే నాకు తగ్గేదేమీ లేదు. నాకేమీ రాకపోయినా ఆమెకు రాకూడదనుకున్నాను. ఒక్కసారైనా మా నాన్న గోడ దగ్గర నిలబడి నన్ను మాత్రమే చూడాలనుకున్నాను. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

మధ్యాహ్నం భోజనం చేశాం. మా అమ్మ ఆమెకు మామిడికాయ పప్పు రెండుసార్లు వడ్డించింది. గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీలు దడదడలాడితే నేను ఉలిక్కిపడ్డాను. పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడుకు ఉలిక్కిపడ్డానని అమ్మ నవ్వింది. బస్టాండ్ దాకా వెళ్ళాను. బస్సు అరగంట ఆలస్యం. అరగంటా పక్కపక్కనే నిలబడ్డాం. ఇప్పుడు చెప్తా, ఆ లారీ పోయాక చెప్తా, ఆమె నీళ్ళు తాగాక చెప్తా అనుకున్నాను. బస్సొచ్చింది. ఎక్కింది. ఆ తర్వాత కూడా రెండుసార్లు గుట్టెక్కి ఫోన్ చేసింది. రెండుసార్లూ బాగా తిను, బాగా నిద్రపో అని చెప్పాను.

పరుగు ఖమ్మంలో. వాచ్‌లు తీసి పక్కన పెట్టమన్నారు. నా బ్యాచ్ ముందు అయింది. ఏడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లు. గెలిచాను. గడ్డిలో పడి ఏడ్చి, లేచి, ట్రాక్ చుట్టూ కట్టిన తాడు పట్టుకుని ఆమె బ్యాచ్ చూశాను. మూడు రౌండ్లు ఆమె ఎంత నెమ్మదిగా, ఎంత నిబ్బరంగా పరుగెత్తిందో! నాకు ఒక్కసారి ఆశ పుట్టింది. నా లెక్కే తప్పేమో, గెలుస్తుందేమో, దేవుడా గెలిపించు అనుకున్నాను. ఆఖరి రౌండ్ మొదలుకాగానే ఆమె వేగం పెంచింది. చాలా ముందే పెంచింది. నెల రోజులుగా ఒళ్ళు నేర్చుకున్న చోటే పెంచింది. ఆ అలవాటు ప్రకారం పరుగు అయిపోవాల్సిన చోటికి వచ్చేసరికి ఇంకా సగం మలుపూ, ఆ తర్వాత నేరు దారీ మిగిలే ఉన్నాయి. ఆమె తలెత్తి చూడటం నేను చూశాను. ఎక్కడుంది గీత అని వెతికినట్టు చూసింది. ఆ తర్వాత కాళ్ళు పడలేదు. పదకొండు సెకన్లు ఆలస్యం.

నా దగ్గరకొచ్చి, వాచ్‌లో బాగానే వచ్చిందక్కా, నా కాళ్ళే మోసం చేశాయి అంది. నేను ఆమె వీపు నిమిరాను. ఈ చేత్తోనే.

మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేసరికి ఆమెకు పెళ్ళయి, కడుపుతో ఉంది. ఆ తర్వాత వయసు దాటింది. ఇప్పుడు ఎండాకాలం ఆకు, మిగతా రోజుల్లో కూలి. సీజన్‌లో కూలీల ముఠాతో కలిసి ఎర్రుపాలెం వైపు మిర్చి ఏరడానికి వెళ్తుందట. నేను కారులో ఆ చేల పక్కగా ఎన్నోసార్లు వెళ్ళాను. అద్దం దించలేదు. ఆమె గెలిచేదా అని మీరు అడగొచ్చు. పన్నెండు రోజులు చాలేవా? నాకు తెలియదు. చాలేవి కావని ఎన్నోసార్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నచ్చలేదు.

పోయిన నెల ఫోన్ చేసింది, ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ వస్తోంది. వాళ్ళ చెల్లెలు పరుగుకు తయారవుతోందట. వాచ్ కావాలట. నీకు తెలుసు గదక్కా, అప్పుడు నాకు కొనిచ్చినట్టిదే చూడు, అది మంచిగ కొలిచింది, నాకే కాళ్ళు లేవు అంది. నిజంగా ఇలాగే అంది. ఆ మాటతో ఏడేళ్ళు బతికింది.

నేను కూర్చున్నాను. అది వద్దు అన్నాను. ఎందుకంది. అది తప్పు కొలిచింది, నా ఎత్తు పెట్టాను, నువ్వు రోజూ నూట యాభై మీటర్లు తక్కువ పరుగెత్తావు, నీ కాళ్ళలో ఏ లోపమూ లేదు అన్నాను. ఒక్క ఊపిరిలో అన్నాను. అవతల కోళ్ళు అరుస్తున్నాయి, ఎవరో పిల్లను పిలుస్తున్నారు. అప్పుడు అడిగింది.

"నీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

మీకు నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నా నోట్లో అబద్ధం సిద్ధంగా ఉంది. పరీక్ష అయ్యాక తెలిసింది, చెబితే బాధపడతావని చెప్పలేదు అంటే సరి. ఆమె నమ్మేది. ఏడ్చేది, నన్నే ఓదార్చేది. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది.

"పన్నెండు రోజుల ముందు," అన్నాను. "నువ్వు హాల్ టికెట్ కోసం వచ్చిన రోజు. నువ్వు అడిగేటప్పటికే నాకు తెలుసు."

ఒక తిట్టు తిట్టినా బాగుండేది. ఫోన్ పెట్టేసింది. నేను చేస్తే ఎత్తడం లేదు, ఎత్తాలని అడిగే హక్కు నాకు లేదు. ఆ రోజు నుంచి అన్నం లోపలికి పోతోంది, నిద్ర పడుతోంది, అందుకు సిగ్గుగా కూడా ఉంది. ఆ పిల్ల ఏ వాచ్ కొనుక్కుందో, అసలు కొనుక్కుందో లేదో నాకు తెలియదు.