గొలుసు కట్టిన గ్లాసు

మనుషుల స్వార్థం గురించి ఎవరైనా మాట్లాడితే నాకు ఘాజియాబాద్‌లో చూసిన ఒక గ్లాసు గుర్తొస్తుంది.

మే నెల మధ్యాహ్నం. స్నేహితుడి ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతున్నాను. ఒక ఇంటి గేటు ముందు కుళాయి బిగించిన పెద్ద మట్టికుండ, దానికి గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసు కనిపించాయి. మా ఒంగోలు చలివేంద్రాల్లో నీళ్లు పోయడానికి ఒక మనిషి ఉంటాడు. ఇక్కడ మనిషికి బదులు గొలుసు ఉంది.

గేటు లోపల బీరకాయలు చెక్కు తీస్తున్న పెద్దావిడను నాకొచ్చిన హిందీలో అడిగాను.

"ఆంటీ, నీళ్లు ఊరికే ఇస్తున్నారు కదా, గ్లాసుకు గొలుసెందుకు? మనుషుల మీద నమ్మకం లేదా?"

"ఇంతకుముందు పెట్టిన రెండూ పట్టుకుపోయారు బేటా."

మనిషి బుద్ధే అంత అనుకుంటూ తాగాను. పోతూ పోతూ నా రెండు లీటర్ల సీసా కూడా నిండా పట్టుకున్నాను. నా వెనకే నిలబడ్డ రిక్షా అతను గ్లాసు పెట్టి కుళాయి తిప్పితే, సగం నిండేసరికి ధార ఆగిపోయింది.

ఆవిడ లేచి, లోపలి నుంచి బిందెతో నీళ్లు తెచ్చి కుండలో పోసింది. నా సీసా వైపు చూసి, కోపమేమీ లేకుండానే అంది.

"గ్లాసుకైతే గొలుసు కట్టాను. నీళ్లకు కట్టలేను కదా బేటా!"