ఫస్టు గేరు వేస్తే సముద్రం వైపు పోయిన అంబాసిడర్

"ఈసారి గూడా నీ బండి తాడు కట్టించుకోని వచ్చిందంటే గేటు లోపలికి రానియ్యను. నేరుగా పాత ఇనప సామాన్ల కొట్టుకే." ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తూ మా ఆవిడ సుజాత అన్న మాట ఇది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? మా పాత అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను, ఐదు గేర్ల బాక్సు వేయించాను గానీ వెనక ఇరుసు నడుమ ఉండి చక్రాలను తిప్పే డిఫ్రెన్షియల్ పాతదే ఉంచేశాను. రెండిటికీ పొత్తు కుదరలేదు. అరవై దాటితే ఇంజను గోల పెట్టడం, వేడెక్కడం, రోడ్డు మధ్యలో కూలబడటం. మూడుసార్లు తాడేసి లాక్కొచ్చాం. ఇంజను తక్కువ తిరిగినా చక్రాలు ఎక్కువ తిరిగే రకం డిఫ్రెన్షియల్ మైపాడు అవతల జాలర్లుండే ఒక పల్లెపాలెంలో ఉందని తెలిసి, మెకానిక్ మస్తాన్‌ను ఎక్కించుకుని నెల్లూరులో ఏడింటికి బయల్దేరాను.

ఇందుకూరుపేట మీదుగా పాతిక కిలోమీటర్లు. రొయ్యల గుంటల మధ్య రోడ్డు బాగానే ఉంది, ఆఖరి రెండు కిలోమీటర్లే ఇసుక. గంటలో చేరాం. ఒడ్డున చూద్దును గదా, నా కారు లాంటి అంబాసిడర్ వెనక ఇరుసు! రెండు దుంగల మధ్య బిగించి, చక్రం ఉండాల్సిన చోట తాడు చుట్టే డ్రమ్ము పెట్టి, పాత ఇంజనుతో తిప్పుతూ సముద్రంలోంచి పడవను ఒడ్డుకు లాగుతున్నారు.

"ఏందన్నా ఇది?" అన్నాను ఆ యంత్రం సొంతదారు పెంచలయ్యతో.

"కారే! పైన ముక్క ఉప్పుగాలికి పోయినాది. కింద ముక్క మాకు పదేళ్లుగా పడవలు లాగతా ఉండాది," అన్నాడు నవ్వుతూ. వాళ్లు ట్రాక్టరు కొనుక్కున్నారు, ఇదే ఆఖరి లాగుడట. నాలుగు వేలకు లోపలి డిఫ్రెన్షియల్‌తో సహా ఇరుసు మొత్తం ఇచ్చేశాడు.

విప్పి లోపల చూద్దామా అంటే మస్తాన్ కసురుకున్నాడు. "పడవనే లాగినాది, నీ కారును లాగదా సార్? గమ్మునుండు." బ్రేకులు మాత్రం పాత ఇరుసువి తీసి దీనికి బిగించి, అక్కడే ఒడ్డున దీన్ని కారు కింద ఎక్కించడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం పెంచలయ్య భార్య పెట్టిన నెత్తళ్ల చేపల పులుసు, అన్నం తిన్నాం. ఆ కారానికి చెవుల్లోంచి పొగలొచ్చాయి గానీ రెండోసారి పెట్టించుకున్నాను. మూడింటికి పని అయిపోయింది.

కారు ముక్కు ఊరి వైపు, వెనక పడవలు, ఆ వెనక సముద్రం. ఫస్టు గేరు వేసి, ఇసుక కదా అని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాను. ఓరి నాయనో! బండి వెనక్కి దూకింది. గేరు తప్పు పడిందేమో అనుకునే లోపు వలల కుప్ప ఎక్కేసింది. పెంచలయ్య భార్య పడవ నీడలోంచి లేచి ఒకటే కేక. బ్రేకు మీద నిలబడ్డాను. పడవకు మూరెడు దూరంలో ఆగింది.

పెంచలయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "అయ్యో సామీ, మర్చేపోయినా! ఫస్టు గేరేస్తే తాడు బయటికి పొయ్యేది. అందుకని లోపలుండే డిఫ్రెన్సర్ను తలకిందులుగా బిగించినాం."

అంటే నా కారుకిప్పుడు వెనక్కి ఐదు గేర్లు, ముందుకి ఒక్కటే. అది కూడా రివర్సు! మళ్లీ విప్పుదామంటే ప్యాకింగ్ చిరిగి ఆయిలంతా కారిపోతుందట, కొత్త ప్యాకింగ్ నెల్లూరులోనే దొరుకుతుందట. పాత ఇరుసే మళ్లీ ఎక్కించాలంటే రాత్రవుతుందట. మస్తాన్ నా మొహం వైపు చూడలేదు. పెంచలయ్య పాపం, మంచి మనసుతో పడవ తాడు భుజాన వేసుకొచ్చాడు.

"తాడొద్దు!" అని అరిచాను. ఆ అరుపుకు నేనే ఉలిక్కిపడ్డాను.

రివర్సు గేరు వేసుకునే వచ్చాం. నెమ్మదిగా, నడుమ నడుమ ఇంజను చల్లార్చుకుంటూ, దారంతా వెనక తెల్ల లైటు, ఆగకుండా రివర్సు హారన్ పాట. వెనకొచ్చే ఆటోలవాళ్లు మేం మీదికొస్తున్నామని బ్రేకులు కొట్టి బూతులు తిట్టారు. సిగ్గుతో చచ్చిపోయాను. సుజాతకు ఫోన్ చేయడానికి మొహం చెల్లలేదు.

మా వీధిలోకి తిరిగేసరికి పొద్దు వాలింది. హారన్ పాటకు వీధంతా బయటికొచ్చింది. సుజాత గేటు పట్టుకుని నిలబడి ఉంది. "తాడు లేదు, చూడు," అన్నాను దిగుతూ.

ఆమె తాడు కోసం చూడనే లేదు. నా చేతులు, మొహం తడిమి చూసింది. ఏడ్చినట్టుంది. "బండి ఆగిపోతేనే నాకు ఫోన్ చేస్తావు. ఫోన్ మోగితే చాలు, నాకు గుండె జారిపోతాది. ఈ పొద్దు అదీ మోగలే. మధ్యాహ్నం నించి ఈడ్నే నిలబడుండా. నాకు బండి మీద కోపమనుకున్నావా?"

పడవ ముందు ఆగినప్పుడు కూడా నేనంతగా అదిరిపోలేదు. మూడుసార్లు తాడుతో వచ్చినప్పుడూ ఆమెకు పరువు పోయిందని కోపం అనుకున్నాను. పిచ్చివాణ్ణి! గేర్లకూ చక్రాలకూ పొత్తు కుదర్చాలని ఊళ్లు తిరిగాను గానీ, గేటు దగ్గర మనిషి ఎందుకు నిలబడుతుందో ఒక్కసారీ అడగలేదు. గేటు మాత్రం ఆమే తెరిచింది. మరునాడు మస్తాన్ ప్యాకింగ్ తెచ్చి అంతా సరిచేశాడు. ఇప్పుడు ఎనభైలో కూడా ఇంజను గొంతు లేవడం లేదు.

మీరూ పాత డిఫ్రెన్షియల్ వేయించుకోబోతే, బండిని జాకీల మీంచి దించకముందే వెనక చక్రాలు రెండూ గాల్లో ఉండగా ఫస్టు గేరు వేసి, అవి ఎటు తిరుగుతున్నాయో చూడండి. సరిగ్గా తిరిగితే, బండి బాగుందని చెప్పడానికే ఇంటికి ఒక ఫోన్ కొట్టి బయల్దేరండి.