చూసినవా, ఇన్నవా?

బిచ్యాకు వార్త చెప్పడం అంత తేలిక కాదు. జూలూరుపాడు రోడ్డు మీద ఎవరైనా ఏదైనా చెప్పబోతే బండి పక్కకు ఆపి, తలగుడ్డ సర్దుకుని ముందు ఒకటే మాట అడిగేవాడు. "చూసినవా, ఇన్నవా?" విన్నానంటే ఇక వినేవాడు కాదు, ఎడ్లను అదిలించి వెళ్ళిపోయేవాడు. మేం ఊరుకుంటామా? "నీకు పెళ్ళయిందట బిచ్యా, చూసినవా, ఇన్నవా?" అని ఆటపట్టించేవాళ్ళం. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు.

నవ్వకపోవడానికి కారణముంది. ఆయనది అడవి అంచున లంబాడీ తండా. బస్సు లేదు, రేడియో లేదు. వెదురు బొంగులు తోలుకుని రోడ్డుకొచ్చేది ఆయన బండి ఒక్కటే. సాయంత్రం బండి చప్పుడు వినపడగానే తండా అంతా కబుర్ల కోసం చుట్టూ మూగేది. ఒక ఏడాది బీడీలు చుట్టే తునికాకు రేటు పెరగబోతోందని సంతలో ఎవరో అంటే ఆ మాట మోసుకెళ్ళాడు. జనం ఆకు కోయడం ఆపి కూర్చున్నారు. రేటు పెరగలేదు, చెట్టు మీదే ఆకు ముదిరిపోయింది. ఆ ఎండాకాలమంతా పస్తులే. కళ్ళతో చూసినవాళ్ళు చెప్పిన మాటే తెస్తానని తండా పెద్దల ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

ఒక్క పేపరుకు మాత్రం ఈ రూలు లేదు. రోడ్డు మీద కాశయ్య హోటలుండేది. బొగ్గు బాయిలో పని మానేసి వచ్చి పెట్టుకున్నాడు. పొద్దున బస్సులో రెండు పేపర్లు దిగేవి. ఒకటి సర్కారును మోసేది, రెండోది సర్కారును తిట్టేది. మొదటిదాని విలేకరి రోజూ ఆ హోటలు బెంచీ మీదే కూర్చునేవాడు. చాయ్ పోస్తూ కాశయ్య రెండూ పైకి చదివేవాడు. "దాన్ని అడగవేం బిచ్యా?" అన్నాను ఒకసారి. "అచ్చేసినోళ్ళు చూడకుంటనే ఏస్తరా?" అన్నాడు.

ఎనభైల మొదట్లో ఒక వానాకాలం. బొంగుల లారీ రాక బిచ్యా బండి ఆ ముందురోజంతా హోటలు ముందే ఉండిపోయింది. తెల్లారి జంపక్క వచ్చింది. ఆమెది తండాకు ఎగువన, అదే వాగు ఒడ్డున ఉన్న కోయగూడెం. వానాకాలం పుట్టకొక్కులు అమ్మేది. ఆ రోజు గంప ఖాళీగా ఉంది.

"బిచ్యన్నా, మా గూడెంల వాంతులు, బేదులు. మనుషులు పోతున్నరు. రోగమొచ్చినోళ్ళ బట్టలన్నీ వాగులనే ఉతుకుతున్నరు. మీరు కింద చెలిమె నీళ్ళు తాగకుండ్రి. తాగితే మసలగాచి తాగుండ్రి."

"చూసినవా, ఇన్నవా?"

"చూసుడేంది! నా చెల్లెను ఈ చేతులతోటే కడిగి మట్టిల పెట్టి వస్తున్న."

వేరే ఎవరు చెప్పినా ఆ క్షణమే బండి కట్టేవాడు. కానీ వాగు ఒడ్డు చెలక భూమి మీద గూడేనికీ తండాకూ తగాదా నడుస్తోంది. మాదంటే మాదని కొట్లాటల దాకా వెళ్ళింది. ఆమె వెళ్ళగానే బిచ్యా నాతో, "మమ్ములను వాగుదిక్కు రానియ్యకుంట చేసే ఎత్తు గాదు గద?" అన్నాడు. చెల్లెల్ని పోగొట్టుకుని వచ్చిన మనిషి మాటకు అదీ దక్కిన మర్యాద.

లోపల కాశయ్య పేపర్లు విప్పాడు. మొదటిది: కలరా అనేది వట్టి పుకారు, అధికారులు వాగు వెంట ఊళ్ళన్నీ తిరిగి నీళ్ళలో మందు కలిపారు, భయం లేదు. రెండోది: గూడెంలో వందలాది శవాలు. బిచ్యా పకపకా నవ్వాడు. "వందలా? ఆ గూడెంల అంత మందే లేరు!" అంతే, తిట్టే పేపరు అబద్ధమని తేలడంతో మొదటిది నిజమైపోయింది ఆయనకు. రెండూ అబద్ధాలే కావచ్చని హోటల్లో ఒక్కరికీ తట్టలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ సాయంత్రం తండాలో చెప్పాడు. "పేపర్ల పడ్డది. మందు కలిపిండ్రు. ఏం గాదు." అందరూ ఎప్పటిలాగే వాగులో ఇసుక తోడి, చెలిమెల్లో ఊరిన నీళ్ళు ముంచుకుని తాగారు. ఆయన కూతురు పూలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఉంది. ఆమె కూడా తాగింది.

రెండు మూడు రోజుల్లో తండా పడకేసింది. పూలికి వాంతులు మొదలయ్యేసరికి వాగు పొంగింది. దవాఖానాకు తీసుకుపోదామని బండిలో పడుకోబెట్టి, వాగు ఎప్పుడు తగ్గుతుందా అని ఒడ్డునే కూర్చున్నారు. వాగు తగ్గకముందే బండిలోనే ప్రాణం పోయింది. కడుపులో బిడ్డ లోపలే ఉండిపోయింది. ఆమె ఒక్కతే కాదు, ఆ వారం తండాలో ఏడుపు వినపడని ఇల్లు లేదు.

వాగు తగ్గిన తర్వాత బిచ్యా హోటలుకొచ్చాడు. కాశయ్య ఆయన్ని చూసి పేపరు మడిచేయబోయాడు. "చదువు కాశన్నా" అన్నాడు. కాశయ్య మళ్ళీ పేపరు విప్పాడు. తండాల్లో ఒక్క మరణం కూడా లేదని ఉంది మొదటి పేపర్లో.

అది రాసిన విలేకరి రోజూ కూర్చునే బెంచీ మీదే ఉన్నాడు. బిచ్యా దగ్గరికెళ్ళాడు. కొడతాడనుకుని నేను లేచాను.

"సారూ, చూసినవా, ఇన్నవా?"

"ఆఫీసుల చెప్పింది రాసిన. నాకేం ఎరుక?"

బిచ్యా ఆ బెంచీని, ముందున్న ఖాళీ జాగాను చూశాడు. "పుకారు అని రాసిననాడు గూడ నువ్వు ఈడనే కూసున్నవు. నా ఎడ్లు నీ ముంగటనే కట్టేసి ఉండె. పొద్దుగాల నుంచి పొద్దుమూకెదాక నువ్వు లేవలె." బెంచీని వేలితో చూపించాడు. "నేను చూసిన సారూ. ఈ కండ్లతోటే చూసిన."

విలేకరి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి అదే బెంచీ మీద కూర్చున్నాడు. సిగ్గు పడ్డట్టు నాకైతే కనిపించలేదు.

ఆ తర్వాత బిచ్యా చాలా ఏళ్ళు బతికాడు. బండి తోలాడు, జంపక్క గంప కనిపిస్తే బండిలో పెట్టించుకుని సంత దాకా దింపేవాడు. కానీ ఆ మాట మళ్ళీ ఎవరినీ అడగలేదు. ఒకసారి కాశయ్య ఉండబట్టలేక, "ఎందుకు బంద్ చేసినవు బిచ్యా?" అన్నాడు.

బిచ్యా గ్లాసు కింద పెట్టాడు.

"ఆ నాడు ఇంటికి పోయినంక పూలి నన్నడిగింది కాశన్నా. నీళ్ళ చెంబు చేతుల పట్టుకుని, నా లెక్కనే మొఖం పెట్టి నవ్వుకుంట అడిగింది. చూసినవా బాపూ, ఇన్నవా అని. చూసిన బిడ్డా, తాగు అన్న."