ఎర్ర గీతల సంచి

పదకొండేళ్లుగా మా ఇంటి అటక మీద ఒక సంచి ఉంది. యూరియా సంచి. మూతికి తీగ చుట్టి ఉంటుంది. ఎత్తితే నాలుగు కిలోలు కూడా తూగదు. ఆ నాలుగు కిలోలు మోయలేక నేను సగమైపోయాను. మా ఆవిడ అందులో పాత పానాలున్నాయని అనుకుంటుంది. ఏటా దసరాకు ఇల్లు దులుపుతూ దాన్ని పాతసామాన్లవాడికి వేద్దామంటుంది. ఏటా నేను కసురుకుంటాను. పాత ఇనుముకు ఇంత కోపమేమిటా అని ఆమెకు ఎప్పుడైనా అనుమానం వచ్చిందో లేదో తెలియదు. వచ్చే ఉంటుంది. నాకైతే వచ్చేది.

నేనెవరో అడగకండి. కరీంనగర్‌లో కార్లు బాగుచేసే షెడ్డు నాది, అంతవరకు చాలు. మీరెవరో నాకు తెలియదు గనుకే మీకు చెబుతున్నాను. ముందే ఒక మాట. నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు పాలు పోస్తుంటే వాడి చెయ్యి చూస్తాను. గుడి బయట చెప్పులు విడిస్తే, దండం పెడుతూ కూడా మనసు చెప్పుల దగ్గరే ఉంటుంది. 'నీ నీడను గూడ నమ్మవుర నువ్వు' అనేది మా అవ్వ. ఇదంతా మీకెందుకు చెబుతున్నాను? చేసిన తప్పును నా పుట్టుక మీదికి నెట్టడానికేనా? కావచ్చు. నా మీద నాకు ఆ అనుమానం కూడా ఉంది.

దేవదాసు నా భాగస్వామి. మెట్‌పల్లి దగ్గరి పల్లె, మిషన్ చర్చికి పోయే కుటుంబం. మస్కట్‌లో పన్నెండేళ్లు ఒక గ్యారేజీలో చేసి వచ్చాడు. నాకంటే మూడేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు. ఆ రోజుల్లో మా దగ్గర ఆటోమేటిక్ కారు వచ్చిందంటే మెకానిక్‌లు దండం పెట్టి పంపించేవాళ్లు. క్లచ్ పెడల్ ఉండదు, ఎడమ కాలికి పని ఉండదు, గేర్లు వాటంతట అవే పడతాయి. పడకపోతే ఎందుకు పడటం లేదో ఎవరికీ తెలియదు. దేవదాసుకు తెలుసు. బండిని షెడ్డు చుట్టూ ఒక్క చుట్టు తిప్పి, కళ్లు మూసుకుని, జబ్బు ఎక్కడుందో చెప్పేవాడు.

నాకు నేర్పేవాడు కూడా. విప్పడం నేర్పాడు, కడగడం నేర్పాడు, లోపలి క్లచ్ ప్లేట్లు పేర్చడం నేర్పాడు. కానీ గేర్‌బాక్స్ ఎక్కించి, ఆయిల్ పోసి, మొదటిసారి స్టార్ట్ చేసే ముందు మాత్రం, "అన్నా, జర చాయ్ తేరాదు" అనేవాడు. ప్రతిసారీ. నేను చాయ్ తెచ్చేసరికి ఇంజన్ నడుస్తుండేది, ఆయిల్ చూడటం అయిపోయేది, బానెట్ మూసి ఉండేది. ఒకసారి సగం దారిలోనే వెనక్కి వచ్చాను. బానెట్ మీదున్న చెయ్యి గబుక్కున తీసేశాడు. ఏం దాస్తున్నాడు? చివరి కిటుకు దాచుకుంటున్నాడని తేల్చుకున్నాను. తేల్చుకోవడానికి నాకు సాక్ష్యం ఏనాడూ అక్కర లేదు.

ఇక సారు. ఖానాపూర్‌లో ఉంటాడు, మెట్‌పల్లిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. పాత ఆటోమేటిక్ కారు ఒకటి కొనుక్కున్నాడు. అది నడిస్తేనే ఎవరి సాయమూ లేకుండా ఆయన గడప దాటగలడు. ఆ ఏడు అది మొండికేసింది. గేర్ వేస్తే ఇంజన్ అరుస్తుంది గాని బండి కదలదు. దేవదాసు చూసి, లోపలి ప్లేట్లు అరిగాయి, మార్చాలన్నాడు.

అనుమానంలో సారు నాకు గురువు. మా వైపు ఏ బండి బాగుచేసినా విప్పిన పాత సామాను సంచిలో వేసి బండివాళ్లకు ఇవ్వాలి. కొత్తవి వేశామనడానికి అదే సాక్ష్యం. సారుకు అదీ చాలలేదు. గేర్‌బాక్స్ విప్పిన రోజు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జేబులోంచి భార్య గోళ్ల రంగు సీసా తీశాడు. ఒక్కో ప్లేటు బయటికి వస్తుంటే బట్టతో తుడిపించి, అంచున ఎర్ర గీత గీశాడు. "ఈ గీతలున్నవి మల్ల లోపటికి పోవద్దు. సంచిల నాకు కనవడాలె" అన్నాడు. దేవదాసు నవ్వి, సంచి మీద బొగ్గుతో 'ఖానాపూర్ సారు' అని రాశాడు.

శుక్రవారానికి గేర్‌బాక్స్ ఎక్కింది. ఆదివారం దేవదాసు వాళ్ల చర్చిలో కోత పండుగ. తొలి పంట తెచ్చి దేవుని ముందు పెడతారు. ఏటా కొత్త వడ్ల గంప మోసుకుని ముందు నడిచేది దేవదాసే. అందుకని శనివారం పొద్దున్నే బయలుదేరుతూ, "ఆయిల్ కొంచెమే పోసిన అన్నా. సోమారం వచ్చి మిగిలింది పోస్త. బండి ఇయ్యకు" అన్నాడు.

ఆయన పోయిన గంటకే సారు భార్యతో బస్సు దిగి వచ్చాడు. సోమవారం పొద్దున ఆమెకు నిర్మల్‌లో కంటి ఆపరేషన్, బండి కావాలి. దేవదాసు వచ్చేదాకా ఆగమని చెప్పవలసింది. చెప్పలేదు. ఎందుకు? దేవదాసు లేకుండా ఆటోమేటిక్ బండి నా చేతుల మీదుగా బయటికి పోవాలనిపించింది. ఆ కిటుకేదో లేకుండానే నేను చేయగలనని ఆయనకు చూపించాలనిపించింది. ఆయిల్ పోశాను. గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే గేజ్ పుల్ల తీసి చూశాను. ఇంజన్ ఆగి ఉంది, చల్లగా ఉంది. ముప్పై ఏళ్లుగా ఇంజన్ ఆయిల్ అట్లాగే చూశాను, చెయ్యి దానంతట అదే పోయింది. ఆయిల్ గీత దాకా ఉంది. నిండిందనుకున్నాను. పాత ప్లేట్ల సంచి అడిగాడు సారు. దేవదాసు ఎక్కడ పెట్టాడో నాకు తెలియదు, సోమవారం ఇస్తాడన్నాను. ఆయన ముఖం ముడుచుకుంది. అయినా ఆపరేషన్ తొందర, వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం గోదావరి దాటి అడవి దారిలో బండి ఆగిపోయింది. ఎండలో కాలు సరిగా లేని మనిషి, కళ్లు సరిగా కనిపించని భార్య, మూడు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నారు. ఎండదెబ్బకు ఆమె పడకేసింది, ఆపరేషన్ తప్పిపోయింది. ఆదివారం బండి లారీ మీద షెడ్డుకు వచ్చింది. నేనొక్కణ్ణే ఉన్నాను. స్టార్ట్ చేసి, అది నడుస్తుండగా గేజ్ తీశాను. పుల్ల పొడిగా ఉంది.

అప్పుడు అర్థమైంది. ఇంజన్ ఆగినప్పుడు పైన తిరిగే ఆయిలంతా కిందికి జారి నిండుగా కనిపిస్తుంది. నడుస్తుంటే పైకి ఎక్కిపోతుంది. నేను చూసింది కిందికి జారిన ఆయిల్. బండి సగం ఆయిల్‌తో అంత దూరం పోయింది. కొత్త ప్లేట్లు ఒక్క పూటలో మాడిపోయాయి.

నేనేం చేశానో విడమరిచి చెప్తాను. ఇంజన్ ఆపి, తక్కువైన సంగతి తెలియకుండా రెండు లీటర్ల కొత్త ఆయిల్ పోశాను. తర్వాత షెడ్డంతా వెదికాను. పాత టైర్ల వెనక సంచి దొరికింది. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. సంచి బయటపడితే ఎర్ర గీతల ప్లేట్లు బయటపడతాయి. పాతవి తీసి కొత్తవి వేశారని రుజువవుతుంది. మరి కొత్తవి ఒక్క పూటలో ఎందుకు మాడాయని అడుగుతారు. ఆ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. సంచి లేకపోతే ప్రశ్న వేరే వాళ్ల దగ్గరికి పోతుంది. భయంలో చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఇంత లెక్క వేసుకునే చేశాను. సంచి స్కూటర్ మీద ఇంటికి తెచ్చి అటక మీద పెట్టాను.

సోమవారం సారూ వచ్చాడు, దేవదాసూ వచ్చాడు. నేనే ఆగలేక బండి ఇచ్చాననీ, ఆయిల్ నిండా పోశాననీ దేవదాసుకు చెప్పాను. ఆయన గేజ్ తీశాడు. పుల్లకు అంటిన ఆయిల్ వేలితో రుద్దాడు, వాసన చూశాడు, నా వైపు చూశాడు. మాడి నల్లబడి ఉండవలసిన ఆ ఆయిల్ కొత్తగా, ఎర్రగా ఉంది. గేర్‌బాక్స్ విప్పితే ప్లేట్లు బొగ్గయి ఉన్నాయి.

"గివి కొత్తయా?" అన్నాడు సారు. "నా గీతలు థిన్నర్ వెట్టి తుడిచి, పాతవే వెట్టినవ్."

"కాదు సార్. పాతవి సంచిల ఉన్నయి. ఇప్పుడే చూపిస్త" అని దేవదాసు టైర్ల వెనక్కి పోయాడు. టైర్లన్నీ జరిపాడు. బల్ల కింద చూశాడు. చేతులు దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, సంచి ఇక్కడ్నే వెట్టిన. నువ్వేమన్న తీసినవా?"

"నేను చూడలే."

"యాదికి తెచ్చుకో అన్నా. సారు పేరు రాసింది."

"చూడలే అంటున్న గద."

అంతే. ఆ రెండు మాటలే. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. సారు నా వైపు తిరిగి, "ఈయననేం అడుగుతవ్, నువ్వు జెప్పు" అని దేవదాసునే పట్టుకున్నాడు. దేవదాసు తన చేతులు చూసుకున్నాడు.

సారు దగ్గర చదువుకున్నవాళ్లు మెట్‌పల్లిలో సగం ఊరు. సారు మాట అంటే రాత, అది కరీంనగర్ దాకా పాకింది. ఎడ్లబండ్లు బాగుచేసిన కాలం నుంచి మంచి పేరున్న ఇంటి మనిషికి చేతివాటం అంటగట్టారు. బండ్లు రావడం తగ్గింది. వచ్చినవాళ్లు కుర్చీ వేసుకుని ఆయన చేతుల వంకే చూసేవాళ్లు. మరుసటి ఏడు కోత పండుగకు వడ్ల గంప వేరేవాళ్లకు ఇచ్చారట. ఇక పోనని పిల్లల మీద ఒట్టు వేసిన మస్కట్‌కే యాభై ఏళ్ల వయసులో మళ్లీ పోయాడు. ఈసారి మెకానిక్‌గా కాదు, కార్లు కడగడానికి.

పోయే ముందు రోజు షెడ్డుకు వచ్చాడు. ఒక బండికి గేర్‌బాక్స్ ఎక్కించి ఉంది. చాయ్‌కి పంపలేదు. నా ముందే బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ ప్రార్థన చేశాడు. తర్వాత సిగ్గుపడుతూ, "నువ్వు నవ్వుతవని పంపేటోన్ని అన్నా. గంతే" అన్నాడు. ఆయన దాచుకున్న కిటుకు అదీ. దాని కోసం నేను ఒక మనిషి పరువు తీశాను.

అప్పుడు ఇంజన్ స్టార్ట్ చేసి, గేజ్ నా చేతికిచ్చి, "నడుస్తున్నప్పుడే చూడాలె. బందువెట్టి చూస్తే నిండుగనే కనవడ్తది" అన్నాడు. నా ముఖం వంక చూడలేదు. తెలిసే అన్నాడా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు? నాకు పిల్లలున్నారనా? నేనే చెప్తానని ఎదురుచూశాడా? ఇన్నేళ్లలో ఈ అనుమానం ఒక్కటే నన్ను నిద్రపోనివ్వలేదు. ఆయన రెండేళ్ల కింద తిరిగి వచ్చి మెట్‌పల్లిలోనే ఉన్నాడు. షుగర్ వచ్చింది. బండ్లు ముట్టడు. ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేసి, "మంచిగున్నవా అన్నా" అంటాడు. మంచిగనే ఉన్నా అంటాను.

నేను మంచిగానే ఉన్నాను మరి. ఇప్పుడు ఈ పట్నంలో ఆటోమేటిక్ బండి అంటే నా షెడ్డే. సారు కూడా నా దగ్గరికే వస్తాడు. గోళ్ల రంగు సీసా తేవడం ఎప్పుడో మానేశాడు. పోయినసారి పాత సామాను సంచి ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ దగ్గర సంచి ఎందుకయ్యా. నమ్మిన మనిషివి నువ్వొక్కనివే" అన్నాడు. జిల్లాలో ఎవరినీ నమ్మని మనిషి, నన్ను నమ్మాడు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను.

ఆయన కారు నిన్న మళ్లీ వచ్చింది. రేపు పొద్దున తీసుకుపోతాడు. ఇవాళ సంచి దించాను. మా ఆవిడ చూస్తుండగానే దించాను, ఏమిటని అడిగితే చెప్పాను. ఆమె వంగి సంచి మీది పేరు చదివింది. తర్వాత, "గా దేవదాసు మన ఇంట్ల ఎన్నిసార్లు తిన్నడు" అని మాత్రం అంది. ఆ మాట నన్ను తిట్టినట్టే ఉంది. తిట్టాలి కూడా.

ఇదంతా రాసి సంచి మళ్లీ అటకెక్కిస్తానని మీకు అనుమానం వస్తోంది కదూ. రానివ్వండి. నాకూ అదే అనుమానం. అందుకే మూతి తీగ కోసి బావిలో పారేశాను. సంచిని షెడ్డుకు తెచ్చి సారు కూర్చునే సీటులో పెట్టాను, బొగ్గుతో రాసిన పేరు పైకి కనిపించేటట్టు. సారు ఏమంటాడో తెలియదు. మెట్‌పల్లికి పోతే దేవదాసు తలుపు తీస్తాడో లేదో తెలియదు. తీసినా ఆ గంప, ఆ మస్కట్ ఏళ్లు నేను తిరిగి ఇవ్వలేను.

ఒక ప్లేటు బయటికి తీసి చూశాను. గీత ఇంకా ఎర్రగానే ఉంది. దేవదాసు కొత్త ప్లేట్లే వేశాడు. సంచి తీసింది నేను.