మల్లేశం పోసిన కల్లు

సైన్యం నుంచి బయటికొచ్చి పునరావాస సంస్థలో చేరాక నా మొదటి డ్యూటీ నర్మెట్టలో పడింది. పొద్దున చలి, మధ్యాహ్నానికి కాలే ఎర్రమట్టి. జీపులో ఊతకర్రలు, మడత పెట్టిన చక్రాల కుర్చీ, నీళ్ల క్యాను. ఆదేశం చిన్నది: వికలాంగుల పింఛను తీసుకుంటున్నవాళ్లలో పని కావాలనుకునేవాళ్లను మళ్లీ పనిలో నిలబెట్టాలి.

మొదటి మనిషి గీత కార్మికుడు మల్లేశం. తాటిచెట్టు మీంచి పడ్డాక కాళ్లు చచ్చుబడ్డాయి. ఈ ఏడు కూడా గీయకపోతే ఆయన చెట్లు వేరేవాళ్లకు పోతాయి. అప్పటికి నాకది తెలియదు. జనగామ మిల్లులో కాపలా పని మాట్లాడి వెళ్లాను.

"ఏం చెయ్యాలె బిడ్డ?"

"గేటుకాడ కూసునుడే బాపు."

"ఇంట్ల గదే చేస్తున్న గద."

జీపు డ్రైవరు నవ్వాపుకోలేక బయటికి నడిచాడు.

మరి కల్లు పనిలో నేలమీద జరిగేదేమిటి? చూడాలనిపించింది. చెట్ల కింద కల్లు పోసే మండువకు వెళ్లి ఓ పక్కన నిలబడ్డాను. తాగేవాళ్లు తాటాకు రేక నోటికి పట్టుకుంటే గీతవాడు లొట్టి కుండ వంచి పోస్తున్నాడు. ఎవరికి వాళ్లు తమ గీతవాడి దగ్గరే తాగుతారు. మల్లేశం దగ్గర తాగేవాళ్లు మాత్రం ఖాళీ రేకలతో కూర్చున్నారు.

"మల్లేశం పోస్తె తాగుతం," అన్నాడొక ముసలాయన. "పొయ్యనీకి కాళ్లెందుకు?"

చెట్టెక్కి గీయడానికి మల్లేశం తమ్ముడు ఒప్పుకున్నాడు. కింద కూర్చుని పొయ్యడానికి మల్లేశం ఒప్పుకోలేదు. పింఛను ఆగుతుందన్నాడు. ఆగదని మండలాఫీసులో కనుక్కొచ్చి చెప్పాను. అయినా కదల్లేదు.

మా సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

"ఏమైంది?"

"రానంటున్నాడు సార్."

"ఎందుకు?"

"తెలియదు."

"తెలుసుకో."

మల్లేశం భార్య చెప్పింది. "పడ్డకాంచి చెట్టు దిక్కు సూస్తలేడు బిడ్డ. వాకిట్లకొచ్చినా తల దించుకునే ఉంటడు."

మర్నాడు కుర్చీని చెట్లకు వీపు పెట్టి వేస్తానన్నాను. మల్లేశం జీపెక్కించమన్నాడు. మండువలో రేకలన్నీ ఒక్కసారి లేచాయి. గొంతులెండి చచ్చినం గదవయ్యా అని ముసలాయన తిట్టాడు. తమ్ముడు దించిన కల్లును మల్లేశం ఒక్క చుక్క ఒలకకుండా పోశాడు.

ఎండలు ముదిరాక నా డ్యూటీ అయిపోయింది. భూపాలపల్లిలో మా ఇంటికి వచ్చేశాను. ఏ చెట్టు చూసినా నర్మెట్టలో ఆ చివరి పొద్దే కనిపిస్తుంది. వీడ్కోలు చెప్పడానికి వెళ్లేసరికి కుర్చీ చెట్లవైపు తిరిగి ఉంది. తమ్ముడు పైకి ఎక్కుతున్నాడు. మల్లేశం తలెత్తి చూస్తున్నాడు. తమ్ముడు నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు తాడును పైకి జరిపినప్పుడల్లా, కింద ఆయన రెండు చేతులూ గాలిలో లేని మోకును పైకి జరుపుతున్నాయి.