చేతులు వెనక్కి కట్టుకున్న మేడమ్

తప్పు కళ్లముందే కనబడుతుంటే నోరు మూసుకుని నిలబడగలరా మీరు?

మా పటాన్‌చెరు బోల్టుల ఫ్యాక్టరీలో కొత్తవాళ్లు తప్పు చేస్తున్నప్పుడు సీనియర్ మేడమ్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. కొత్త ఇంజనీర్లకు నేర్పడానికి నేను పనికొస్తానా అని ఆమెనే అడిగాను. "చూద్దాం" అన్నారు.

ఆయుధపూజ మర్నాడు మిషన్ కదల్లేదు. కొత్త ఇంజనీరమ్మాయి పెట్టిన కుంకుమబొట్టు సరిగ్గా బోల్టులను చూసే సెన్సార్ మీదుంది. మూఢనమ్మకాల మీద ఉపన్యాసం నా నాలుక చివరిదాకా వచ్చింది. మేడమ్ నావైపు చూశారు. నేనూ చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"నిన్నటికీ ఇయ్యాల్టికీ ఏం మారింది బిడ్డా?" అని మేడమ్ ఆ అమ్మాయిని అడిగారు.

అమ్మాయి మిషన్ చుట్టూ తిరిగి చూసి, బొట్టు తుడిచి, పకపకా నవ్వింది. "నేనే దీని కండ్లు మూసిన మేడమ్!"

మిషన్ కదిలింది. "ఉపన్యాసం మింగినవ్ గదా, పనికొస్తవ్ తియ్" అన్నారు మేడమ్ నాతో.

నేర్పే పని ఒప్పుకునే ముందు మీరూ ఒక్క ఉపన్యాసం మింగి చూడండి. మింగలేకపోతే ఆ పని ఇంకొకరికి వదిలేయండి.